మనసుకూ వైద్యం ఉంది

ఒంట్లో జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి పోతాం. మరి మనసుకు జబ్బు చేస్తే?

నిద్ర పట్టదు. అన్నం సయించదు. ఊరికే ఏడుపు వస్తుంది. బతుకు మీద విరక్తి పుడుతుంది. "గాలి సోకింది" అని కొందరు తాయెత్తు కడతారు. ఇది గాలీ కాదు, దయ్యమూ కాదు. జబ్బు. దీనికి వైద్యం ఉంది.

మనసు జబ్బులు చూసే డాక్టర్లు పట్నాల్లోనే ఎక్కువ. పోవాలంటే బస్సు ఛార్జీలు కావాలి. ఆ రోజు కూలి పోతుంది. "పిచ్చాసుపత్రికి పోయింది" అంటారని భయం. అందుకే ఎందరో లోలోపలే కుమిలిపోతారు.

ఫోన్ ఈ దూరాన్ని తగ్గించింది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం 'టెలి మానస్' ప్రారంభించింది. నంబరు 14416. పగలూ రాత్రీ ఎప్పుడైనా చేయవచ్చు. డబ్బు కట్టనక్కర లేదు. తెలుగులోనే మాట్లాడవచ్చు. శిక్షణ పొందిన సలహాదారు మన మాట వింటారు. అవసరమైతే డాక్టరుతో మాట్లాడిస్తారు.

వైద్యం నేర్పే తీరు కూడా మారింది. బెంగుళూరులో నిమ్‌హాన్స్ అనే పెద్ద మానసిక వైద్యశాల ఉంది. అది 2018లో డిజిటల్ అకాడమీ పెట్టింది. దూరాన పనిచేసే డాక్టర్లు, నర్సులు తమ ఊళ్ళోనే ఉండి కంప్యూటరులో పాఠాలు వింటున్నారు.

అయితే ఫోన్ ఒక్కటే చాలదు. కొందరికి మందులు కావాలి. కొందరిని ఆసుపత్రికి తీసుకుపోవాలి. పక్కన కూర్చుని మాట వినే మనిషి అందరికీ కావాలి.

అక్కా! 14416. అయిదే అంకెలు. మీరు చదవగలరు. గోడ మీద రాసి పెట్టండి. పక్కింటి చెల్లెలికీ చూపించండి.

ఆలోచించండి :
1. మీ ఇంట్లో ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది?
2. మీకు కష్టం వస్తే ఎవరితో చెప్పుకుంటారు?