మరమ్మతు వేళ వివేకం

హైదరాబాదులోని బేగంబజార్ నిజాంల కాలం నుండి ప్రసిద్ధమైన టోకు వ్యాపార కేంద్రం. ఇత్తడి, రాగి పాత్రలతో పాటు ఇనుప సామాను, పనిముట్లు కూడా ఇక్కడి అంగళ్ళలో సమృద్ధిగా లభిస్తాయి. స్పానర్లు, బోల్టులు, గొట్టాలకు బిగించే క్లిప్పులు కొని ఒక పెట్టెలో సర్దుకొన్న వాహన ప్రియుడు, తన కారుకు ఏ లోపం వచ్చినా తానే సరిచేసుకోగలనని భావించడం సహజం. ఆ నమ్మకానికి అసలైన పరీక్ష పందెపు బాట మీద ఎదురవుతుంది.

ఔత్సాహికులు తమ సొంత కార్లను పందెపు బాటపై వేగంగా నడిపేందుకు కేటాయించిన దినాన్ని ‘ట్రాక్ డే’ అంటారు. చెన్నై సమీపంలోని ఇరుంగట్టుకోట్టైలో అటువంటి బాట ఉన్నది. హైదరాబాదు నుండి అక్కడికి వెళ్ళేవారు ఆరువందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. తిరిగి ఇల్లు చేరవలసినదీ ఆ కారులోనే. రుసుము చెల్లించి, అంత దూరం వచ్చిన తరువాత కారు మొరాయిస్తే మనసు ఊరుకోదు. తరువాతి వంతుకు నిమిషాలే మిగిలి ఉంటాయి. మిత్రులు తొందరపెడతారు. అక్కడికక్కడే బాగుచేయాలా, ఆనాటికి విరమించాలా అన్న ప్రశ్న అప్పుడే తలెత్తుతుంది.

బ్రేకులనే ఉదాహరణగా తీసుకోవచ్చు. బ్రేకు ద్రవం క్రమంగా తేమను పీల్చుకొంటుంది. డాట్ 4 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్‌కు లోపల మరగరాదని ప్రమాణం. తేమ చేరిన ద్రవానికి ఆ కనీస హద్దు 155 డిగ్రీలు మాత్రమే. పదేపదే బ్రేకు వేసినప్పుడు పుట్టే వేడికి ద్రవం మరిగితే ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ఆవిరి ఒత్తిడికి అణగిపోతుంది కనుక పెడల్ లోపలికి దిగిపోయినా చక్రాలు తగినంతగా ఆగవు. కారు చల్లారిన పిదప పెడల్ మళ్ళీ గట్టిపడినట్లు తోస్తుంది. సమస్య తీరిందని భ్రమపడి బయలుదేరడమే అపాయం.

కాబట్టి పని మొదలుపెట్టే ముందు మూడు విషయాలు విచారించాలి. లోపానికి కారణం నిశ్చయంగా తెలిసిందా? ఆ భాగం విఫలమైతే ప్రాణానికి ముప్పు కలుగుతుందా? చేసిన మరమ్మతును నెమ్మదిగా నడిపి పరీక్షించే అవకాశం ఉన్నదా? టైర్లలో గాలి సరిచూడడం, చక్రాల నట్లను కొలత ప్రకారం బిగించడం, వదులైన క్లిప్పును మార్చడం వంటి పనులు అక్కడే చేసుకోవచ్చు. అయితే వేడెక్కిన రేడియేటరు మూతను తెరవరాదు. జాకీ ఆధారంతో మాత్రమే నిలిచిన కారు కిందికి దూరరాదు. స్టీరింగు, సస్పెన్షన్, బ్రేకులలో లోపం కనిపించినా, ఇంధనం కారుతున్నా ఆనాటి పరుగు ముగిసినట్లే. బాటపై చిందిన నూనె వెనుక వచ్చేవారి ప్రాణాలకూ ముప్పు తెస్తుంది.

ఈ విచక్షణ ఔత్సాహికులకే కాదు, ఆరితేరిన నిపుణులకూ అవసరమే. 2023 ఫిబ్రవరి 11న, బేగంబజార్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోని హుస్సేన్‌సాగర్ తీరాన విద్యుత్ కార్ల ‘ఫార్ములా ఈ’ పోటీ జరిగింది. ఫ్రాన్సు దేశీయుడు జాన్ ఎరిక్ వెర్న్ విజేతగా నిలిచాడు. భారతీయ జట్టు మహీంద్రా అందులో పాల్గొన్నది. రెండు వారాల తరువాత, ఫిబ్రవరి 25న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో తదుపరి పోటీ జరిగింది. అక్కడ వెనుక సస్పెన్షన్ భద్రతపై సందేహం కలుగగా మహీంద్రా జట్టు, దాని యంత్రాంగాన్నే వాడుతున్న ఆప్ట్ కుప్రా జట్టు తమ నాలుగు కార్లను పోటీ నుండి ఉపసంహరించుకొన్నాయి. ఆప్ట్ జట్టు చోదకుడు కెల్విన్ వాన్ డెర్ లిండే దక్షిణాఫ్రికా దేశీయుడు. స్వదేశీయుల ఎదుట పోటీపడే అవకాశాన్ని అతడు ఆనాడు వదులుకోవలసి వచ్చింది. నిపుణులు, పరికరాలు అందుబాటులో ఉన్న జట్లే సందేహం ఉన్న కారును బాటపైకి పంపలేదు.

గడియలలో ముగించిన మరమ్మతు నిలుస్తుందో లేదో పందెపు బాట మీద పూర్తి వేగంలోనే తేలుతుంది. ఆ పరీక్షలో తప్పితే దిద్దుకొనే వ్యవధి ఉండదు. పనిముట్లు బేగంబజార్‌లో దొరుకుతాయి. వాటిని పెట్టెలోనే ఉంచి, కారును మరొక వాహనంపై ఇంటికి చేర్చవలసిన సమయాన్ని గుర్తించే వివేకం మాత్రం ఎవరికి వారు అలవరచుకోవలసినదే.