భోషాణం - తాళంచెవి

పూర్వం మన ఇళ్లలో భోషాణం ఉండేది. భూమి దస్తావేజులు, ధాన్యం అమ్మిన సొమ్ము, పెళ్లినాటి పట్టుచీరలు అందులో భద్రంగా ఉండేవి. తాళంచెవుల గుత్తి ఇంటి పెద్దావిడ నడుమున వేలాడేది. ఇంట్లో ఉన్నవారంతా ఆత్మీయులే అయినా, ఆ తాళాన్ని ఎవరైనా అవమానంగా భావించినట్లు నేనెరుగను.

నేటి గృహాలలో ఆ స్థానాన్ని కంప్యూటరు ఆక్రమించింది. తండ్రి బ్యాంకు లెక్కలు, తల్లి వైద్యపరీక్షల నివేదికలు, కుమార్తె దినచర్య, కుమారుడు ఎవరికీ చూపని కవిత్వం అన్నీ ఒకే పెట్టెలో ఒదిగి ఉంటాయి. ఆ పెట్టెను ఆటల కోసం వచ్చిన పొరుగింటి బాలుడూ తెరుస్తాడు, మరమ్మతుకు వచ్చిన వ్యక్తీ తెరుస్తాడు.

రహస్యరక్షణకు చాలామంది అనుసరించే మొదటి ఉపాయం దాచివేయడం. ఫోల్డరు లక్షణాలలో 'హిడెన్' అన్న గడిలో గుర్తు పెడితే అది కంటికి కనబడదు. కాని దాచినవాటిని చూపుమని అదే కంప్యూటరును అడిగితే మరుక్షణమే చూపుతుంది. బియ్యపు డబ్బాలో రూపాయలు దాచడం వంటిదే ఇది. ఆ డబ్బా సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు.

ఇంతకంటె మేలైనది ఎవరి ఖాతా వారికి ఏర్పరచడం. విండోస్ 98లో పాస్‌వర్డు అడిగే గడిని 'క్యాన్సిల్' నొక్కి దాటిపోయేవారు! 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైళ్ల అమరిక సామాన్య గృహాలకు చేరింది. ఏ ఫైలును ఎవరు చదవవచ్చునో, ఎవరు మార్చవచ్చునో ఈ అమరిక నమోదు చేసి ఉంచుతుంది. నేటి విండోస్‌లోనూ పద్ధతి ఇదే. ప్రతి ఖాతాకూ పాస్‌వర్డు ఉండి, నిర్వాహకుని అధికారం ఒక్కరి చేతిలోనే ఉంటే ఇంటి అవసరాలకు చాలావరకు సరిపోతుంది. అయితే ఈ కావలి విండోస్ మేల్కొని ఉన్నంతసేపే. హార్డుడిస్కును ఊడదీసి మరొక కంప్యూటరుకు తగిలిస్తే, అక్కడి నిర్వాహకుడు ఆ ఆంక్షలను తొలగించి అన్నీ చదువుకోగలడు.

అందుకు విరుగుడు ఎన్‌క్రిప్షన్ అనే గూఢలేఖనం. ఈ విద్య మనకు కొత్తది కాదు. వాత్స్యాయనుడు అరువదినాలుగు కళలలో మ్లేచ్ఛితవికల్పం అనే రహస్యలేఖనాన్ని చేర్చాడు. నేడు విస్తారంగా వాడుకలో ఉన్న ఏఈఎస్ విధానాన్ని అమెరికా ప్రభుత్వం 2001లో ప్రమాణంగా స్వీకరించింది. అందులోని అతిచిన్న తాళంచెవి పొడవు 128 బిట్లు. అటువంటి చెవులు ఎన్ని సాధ్యమో రాయాలంటే 39 అంకెలు కావాలి. ఇంత ఘనమైన తాళానికి పుట్టినతేదీని పాస్‌వర్డుగా పెట్టేవారిని చూస్తే జాలి కలుగుతుంది. విండోస్ ప్రొఫెషనల్‌లోని బిట్‌లాకర్, ఉచితంగా లభించే వెరాక్రిప్ట్ ఈ పనికి ఉపకరిస్తాయి.

తాళం ఎంత గట్టిదో, చెవి పోగొట్టుకొన్నవానికి అది అంత కఠినం. 2006 జులైలో మైక్రోసాఫ్ట్ సంస్థ 'ప్రైవేట్ ఫోల్డర్' అనే ఉచిత సాధనాన్ని విడుదల చేసి, కొద్దిరోజులకే ఉపసంహరించుకొంది. ఉద్యోగి పాస్‌వర్డు మరచిపోతే ఆ ఫైళ్లను ఎవరు తెరవాలని కార్యాలయాల కంప్యూటరు నిర్వాహకులు ఆక్షేపించారు.

ఆ ఆక్షేపణ ఎంత సహేతుకమో నాకు స్వానుభవం. మా నాన్నగారు నాకు రాసిన ఉత్తరాలను స్కాన్ చేసి, ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లోని గూఢలేఖన సౌకర్యంతో భద్రపరిచాను. కొంతకాలానికి కంప్యూటరు మొరాయిస్తే విండోస్‌ను కొత్తగా ఎక్కించాను. ఉత్తరాలున్న విభాగాన్ని ముట్టుకోలేదు గనుక నిశ్చింతగా ఉన్నాను. ఫైళ్ల పేర్లన్నీ ఆకుపచ్చని అక్షరాలలో యథాతథంగా కనిపించాయి. ఒక్కటీ తెరుచుకోలేదు. పాత పేరుతో, పాత పాస్‌వర్డుతో మళ్లీ ఖాతా సృష్టించి చూశాను. అసలు తాళంచెవి పాత ఖాతాతోపాటే చెరిగిపోయిందని, దాని నకలును ముందే ఒక సీడీలోకి ఎక్కించుకొని ఉండవలసిందని ఆ తరువాత తెలిసింది. కాగితపు ఉత్తరాలు అప్పటికే చెదల పాలయ్యాయి.

ఇప్పుడు నా బిట్‌లాకర్‌కు సంబంధించిన 48 అంకెల పునరుద్ధరణ సంఖ్యను కాగితం మీద రాసి, బీరువాలో ఇంటి దస్తావేజుల నడుమ ఉంచాను. మా అమ్మాయికి చోటు చెప్పాను. ఆ పక్కనే గుడ్డలో చుట్టిన పాత హార్డుడిస్కు ఉంది. పారవేయడానికి చేతులు రావడం లేదు.