ల్యాప్‌టాప్‌తో బుర్రకథ రికార్డు చేయడం ఎలా?

బుర్రకథను ఫోన్‌లో రికార్డు చేసి ఇంటికెళ్లి విన్నవాళ్లందరికీ ఎదురయ్యేది ఒకటే. గుమ్మెటల మోత బ్రహ్మాండంగా వినిపిస్తుంది, కథకుడి మాట అందులో మునిగిపోతుంది. వంతలిద్దరిలో ఒకరి గొంతు దగ్గరగా, రెండోవారిది ఎక్కడో దూరంగా ఉంటుంది. శబ్దాలను విడదీసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు వచ్చాయి గానీ, గుమ్మెట దెబ్బ కింద నలిగిపోయిన మాటను అవి పూర్తిగా తెచ్చివ్వలేవు. ఎవరి గొంతును వాళ్ల ట్రాక్‌లో పట్టుకోవడం ప్రదర్శన జరుగుతున్నప్పుడే కావాలి. అలా పట్టుకుంటే ఎవరిని ఎంత పెంచాలో ఇంటి దగ్గర తీరిగ్గా చూసుకోవచ్చు.

అందుకు పనికొచ్చేది మల్టీచానెల్ ఆడియో ఇంటర్‌ఫేస్. మన దగ్గర చాలామంది సౌండ్ కార్డ్ అనే అంటారు. ఒక సంచిలో ఇది, ల్యాప్‌టాప్, నాలుగు మైకులు, వాటి వైర్లు పడతాయి. ఇదివరకు పని చేసిన అనుభవం లేకపోయినా కింది వరసలో వెళ్తే మొదటి రికార్డింగే వినదగ్గదిగా వస్తుంది.

ఆ పెట్టె చేసే పని

మైక్ నుంచి వచ్చే కరెంటు చాలా సన్నది, సాధారణంగా కొద్ది మిల్లీవోల్టులే. పెట్టెలో ప్రతి మైక్‌కూ ఒక ప్రీయాంప్ ఉండి దాన్ని పెంచుతుంది. తర్వాత కన్వర్టర్ దాన్ని సెకనుకు 48,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెలు యూఎస్‌బీ వైరు గుండా ల్యాప్‌టాప్‌లోకి వెళ్తాయి. అన్ని చానెళ్లనూ ఒకే గడియారం నడపడం ఇక్కడ కీలకం. నాలుగు యూఎస్‌బీ మైకులు కొని ఒకే ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే సరిపోదా అని అడుగుతుంటారు. దేని గడియారం దానిదే కాబట్టి గంటసేపు సాగే కథలో ఒక ట్రాక్ ముందుకు, ఒకటి వెనక్కి జరుగుతాయి. దాన్ని సరిచేయడం పెద్ద శ్రమ. ఆ దారిలో వెళ్లకండి.

కొనే ముందు

డబ్బా మీది అంకెను చూసి మోసపోవద్దు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 18ఐ8, 18ఐ20 రెండింటి పేర్లలోనూ 18 ఉంది. మూడో తరం మోడళ్లను చూస్తే మొదటిదానిలో మైక్ ప్రీయాంప్‌లు నాలుగే, రెండోదానిలో ఎనిమిది. మిగతా అంకెంతా లైన్ ఇన్‌పుట్లు, ఆప్టికల్, కోయాక్సియల్ డిజిటల్ ఇన్‌పుట్లతో నిండుతుంది. మీరు లెక్కపెట్టాల్సింది మైక్ వైరు నేరుగా గుచ్చగలిగే ప్రీయాంప్‌లను మాత్రమే. బుర్రకథకు నాలుగు ఉంటే పని జరుగుతుంది, ఎనిమిది ఉంటే నిశ్చింత. బెరింగర్ యూఎంసీ404హెచ్‌డీలో నాలుగు, యూఎంసీ1820లో ఎనిమిది, టాస్కామ్ యూఎస్-16x08లో ఎనిమిది ఉంటాయి. పెట్టె వెనక ఆడాట్ అనే ఆప్టికల్ ఇన్‌పుట్ ఉంటే, తర్వాత ఎప్పుడైనా ఇంకో ఎనిమిది మైకుల ప్రీయాంప్ కొని 48 కిలోహెర్ట్జ్ దగ్గర దానికే తగిలించుకోవచ్చు. నాలుగు కొందామా, ఎనిమిది కొందామా అని ఊగిసలాడేవాళ్లకు ఈ ఇన్‌పుట్ ఉన్న నాలుగు చానెళ్ల పెట్టె మంచి మధ్యేమార్గం.

రెండు చానెళ్ల చిన్న పెట్టెలు యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తాయి. నాలుగు, ఎనిమిది మైకులవి చాలావరకు తమ అడాప్టర్ కోరతాయి. ఊళ్లో జాతర దగ్గర ఇది చిన్న విషయం కాదు, దాని సంగతి కింద చెప్తాను.

సెకండ్‌హ్యాండ్‌లో చవకగా దొరికే పాత పెట్టెల విషయంలో ఒక హెచ్చరిక. 2000 తర్వాతి దశాబ్దంలో మంచి కంపెనీలు ఫైర్‌వైర్, కార్డ్‌బస్‌లతో పనిచేసే పెట్టెలు చేశాయి. వాటి నాణ్యతకు వంక పెట్టలేం. కానీ ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు ఆ సాకెట్లు లేవు. యూఎస్‌బీ ఉన్నదే తీసుకోండి.

ల్యాప్‌టాప్‌ను ఇంటి దగ్గరే సిద్ధం చేయండి

విండోస్ అయితే పెట్టె తయారుచేసిన కంపెనీ వెబ్‌సైట్ నుంచి దాని ఏసియో డ్రైవర్ దించుకోవాలి. ఇది లేకుండా చాలా సాఫ్ట్‌వేర్లకు రెండు చానెళ్లే కనిపిస్తాయి. పెట్టె పాడైందని కొత్తవాళ్లు కంగారుపడేది ఎక్కువగా ఇక్కడే. మ్యాక్‌లో చాలా పెట్టెలు డ్రైవర్ లేకుండానే పనిచేస్తాయి.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌గా నేను రీపర్‌ను సూచిస్తాను. మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా తేలిగ్గా నడుస్తుంది, ఏ కత్తిరింపూ లేకుండా 60 రోజులు వాడి చూడనిస్తుంది. ప్రిఫరెన్సెస్‌లో ఆడియో డివైస్ దగ్గర ఏసియో ఎంచుకుని, మొదటి ఇన్‌పుట్ నుంచి చివరిదాకా తెరవండి. ఎన్ని మైకులో అన్ని ట్రాక్‌లు పెట్టి, ఒక్కోదానికి ఒక్కో మోనో ఇన్‌పుట్ ఇచ్చి, ట్రాక్‌కు పేరు రాయండి: కథకుడు, వంత ఒకటి, వంత రెండు, జనం. అక్కడికి వెళ్లాక ట్రాక్ 3 ఎవరిదో గుర్తుండదు. ఈ అమరికను టెంప్లేట్‌గా సేవ్ చేసుకుంటే మళ్లీ చేయనక్కర్లేదు.

24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టుకోండి. వీడియోకు కూడా ఇదే సరిపోతుంది. ఇంతకంటే పెద్ద అంకెల వల్ల ఇక్కడ లాభం లేదు, డిస్క్ నిండుతుంది. ఈ లెక్కన ఒక ట్రాక్‌కు గంటకు సుమారు 518 మెగాబైట్లు, ఎనిమిది ట్రాక్‌లకు నాలుగు గిగాబైట్ల పైచిలుకు. మూడు గంటల కథకు 20 గిగాబైట్ల ఖాళీ ఉంచుకుంటే భయం లేదు.

బఫర్ సైజు (ల్యాప్‌టాప్ ఒక్కో విడతలో అందుకునే శాంపిళ్ల సంఖ్య) దగ్గర చాలామంది అనవసరంగా తక్కువ అంకె పెడతారు. 64 శాంపిళ్లు పెడితే ఆలస్యం 1.3 మిల్లీసెకన్లే, నిజమే. కానీ దళం మీ ల్యాప్‌టాప్ గుండా తమ గొంతు వినడం లేదు కదా! ఆలస్యంతో ఎవరికీ పని లేదు. 1024 పెట్టండి. ల్యాప్‌టాప్‌కు ఊపిరి ఆడుతుంది, మధ్యలో టకటకమనే తెగుళ్లు రావు.

ఇక స్లీప్ మోడ్, అప్‌డేట్లు, వైఫై, నోటిఫికేషన్లు అన్నీ ఆపేయండి. పెట్టెను హబ్ ద్వారా కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే తగిలించండి. వెళ్లే ముందురోజు ఇంట్లో టీవీ ముందో రేడియో ముందో మైకులు పెట్టి గంటసేపు ఆపకుండా రికార్డు చేసి చూడండి. ఏ లోపం ఉన్నా అప్పుడే బయటపడుతుంది.

మైకులు ఎక్కడ పెట్టాలి

అసలు పని ఇది. ఖరీదైన పెట్టె ఉన్నా మైక్ తప్పుచోట ఉంటే ఫలితం ఉండదు.

దళాన్ని ముందు ఒకసారి గమనించండి. మధ్యలో కథకుడు, భుజాన తంబుర, చేతివేళ్లకు అందెలు. అటూ ఇటూ వంతలు, వాళ్ల దగ్గర గుమ్మెటలు. కథకుడు చిందు వేస్తూ ముందుకొస్తాడు, వెనక్కి వెళ్తాడు, వచనం చెప్పేటప్పుడు మైక్ దగ్గరికి చేరతాడు. ఊరి మైక్‌సెట్‌కు అలవాటుపడ్డ దళాలు ఎప్పుడు మైక్ ముందుకు రావాలో మనకంటే బాగా ఎరుగుదురు. అందుకని వాళ్ల మైక్‌ను కదపొద్దు. అదే స్టాండుకు, దాని పక్కనే మీ మైక్ కట్టండి, రెండూ ఒకే వైపు చూసేలా. మైక్‌సెట్ వారి మైక్ నుంచే వైరు చీల్చి తీసుకోవచ్చని కొందరు సలహా ఇస్తారు. మామూలు చీలిక వైరుతో ఫాంటమ్ కరెంటు (కండెన్సర్ మైకుల కోసం పెట్టె పంపే 48 వోల్టులు) అవతలి మిక్సర్‌లోకి వెళ్లే ప్రమాదం ఉంది. కొత్తలో వద్దు.

గొంతులకు షూర్ ఎస్ఎం58 వంటి డైనమిక్ మైకులు మేలు. ఎదురుగా ఉన్న శబ్దాన్నే ఎక్కువగా పట్టుకుంటాయి, ఎండకూ దుమ్ముకూ త్వరగా లొంగవు, ఫాంటమ్ కరెంటు అక్కర్లేదు. నోటికి బెత్తెడు నుంచి జానెడు దూరంలో ఉండాలి. కథకుడు కదులుతూనే ఉంటాడనిపిస్తే, తలకు పెట్టుకునే వైర్‌లెస్ మైక్ ఉంటే దాని రిసీవర్‌ను ఒక చానెల్‌కు కలపండి. చొక్కాకు గుచ్చే మైక్ మాత్రం వద్దు. తంబుర రాపిడి, అందెల చప్పుడు అందులో మాట కంటే ముందు పడతాయి.

వంతల మైకుల్లో వాళ్ల గుమ్మెటలు ఎలాగూ వినిపిస్తాయి. నాలుగు చానెళ్లే ఉంటే గుమ్మెటకు ప్రత్యేకంగా మైక్ పెట్టకండి. నాలుగోదాన్ని జనం వైపు, వేదికకు కాస్త దూరంగా పెట్టండి. నవ్వులు, ఈలలు, వంతలు తందానా అందుకున్నప్పుడు పందిరంతా మోగడం లేకపోతే బుర్రకథ సగమే. ఎనిమిది ఉంటే ఒక్కో గుమ్మెటకు జానెడు దూరంలో ఒక మైక్, జనం కోసం రెండు.

మైకుల మధ్య దూరానికి ఒక లెక్క ఉంది. నోటికి మైక్ జానెడు దూరంలో ఉంటే పక్క మైక్ దానికి కనీసం మూడు జానల ఎడంలో ఉండాలి. లేకపోతే ఒకే గొంతు రెండింటిలో కాస్త ముందూ వెనకా పడి, కలిపినప్పుడు డొల్లగా వినిపిస్తుంది. ప్రతి మైక్ వీపు మైక్‌సెట్ సౌండ్ బాక్సుల వైపు ఉండేలా తిప్పండి. ఆరుబయట అయితే నురగ తొడుగులు తప్పనిసరి. గాలి మైక్ మీద తగిలితే వచ్చే గుబగుబను తర్వాత తీయడం దాదాపు అసాధ్యం.

కండెన్సర్ మైకులు వాడితే 48 వోల్టుల ఫాంటమ్ బటన్ నొక్కాలి. చాలా పెట్టెల్లో నాలుగేసి చానెళ్లకు ఒకటే బటన్ ఉంటుంది. మంచి వైరు ఉన్న డైనమిక్ మైక్‌కు దానివల్ల నష్టం లేదు. పాత రిబ్బన్ మైక్ ఉంటే మాత్రం ఆ గుంపులో పెట్టొద్దు. బటన్ నొక్కే ముందు గెయిన్ (ప్రీయాంప్ పెంపు) పూర్తిగా తగ్గించండి.

కరెంటు

హెడ్‌ఫోన్‌లో సన్నగా గుయ్‌మనే మోత వినిపిస్తే అది 50 హెర్ట్జ్ కరెంటు గోల. ముందు ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి, చాలాసార్లు అదే కారణం. అందుకే ల్యాప్‌టాప్‌ను నిండా చార్జ్ చేసుకుని వెళ్లి, వీలైనంతవరకు బ్యాటరీ మీదే నడపండి. పెట్టె అడాప్టర్‌ను మైక్‌సెట్ వాళ్ల బోర్డు నుంచే తీసుకుంటే ఎర్త్ తేడాలు తగ్గుతాయి. జనరేటర్ మీద నడిచే చోట, కరెంటు పోయే చోట కంప్యూటర్లకు వాడే చిన్న యూపీఎస్ మధ్యలో పెట్టండి. పెట్టెకు కరెంటు ఒక్క క్షణం ఆగినా రికార్డింగ్ ఆగిపోతుంది, ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉన్నా లాభం లేదు.

గెయిన్

ఇక్కడ ఓపిక కావాలి. దళాన్ని మామూలుగా మాట్లాడమని కాకుండా, యుద్ధఘట్టంలో ఎంత గొంతు ఎత్తుతారో అంత ఎత్తి పాడమనండి. గుమ్మెటలు కూడా అదే జోరులో వాయించమనండి. అప్పుడు మీటర్‌లో అత్యధిక శిఖరం మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఆగేలా ప్రతి చానెల్ గెయిన్ తిప్పండి. సున్నా తాకితే శబ్దం చిట్లిపోతుంది, దానికి మందు లేదు. తక్కువగా పడితే దిగులు లేదు. 24 బిట్ రికార్డింగ్‌లో తర్వాత పెంచుకున్నా బుస పెద్దగా రాదు. ఈ ఒక్క సౌకర్యం కోసమే 24 బిట్ ఎంచుకున్నాం.

ప్రేక్షకులు నిండాక కళాకారులకు ఊపు వస్తుంది. రిహార్సల్‌లో మైనస్ 12 దగ్గర ఆగిన గొంతు అప్పుడు మైనస్ 6 దాకా వెళ్తుంది. ఆ ఖాళీ అందుకే వదిలాం. కథ మొదలయ్యాక, చిట్లుతుంటే తప్ప, గెయిన్ ముట్టుకోవద్దు. మధ్యలో తిప్పితే ఆ ట్రాక్ అక్కడి నుంచి వేరే మట్టంలో ఉంటుంది.

కథ జరుగుతున్నప్పుడు, అయ్యాక

ప్రాజెక్టును ముందే సేవ్ చేసి, కథ మొదలవడానికి ఐదు నిమిషాల ముందే రికార్డు బటన్ నొక్కండి. పక్కన కెమెరా ఉంటే దాని ఎదుట గట్టిగా ఒక చప్పట కొట్టండి. తర్వాత బొమ్మను, శబ్దాన్ని ఆ చప్పట దగ్గర జత చేయవచ్చు. ఆ పైన మీ పని మీటర్లు చూడటం, ఒక్కో ట్రాక్‌ను హెడ్‌ఫోన్‌లో కాసేపు వినడం.

అయిపోయిన వెంటనే, వైర్లు చుట్టే ముందే, మొత్తం ఫోల్డర్‌ను ఇంకో డిస్క్‌లోకి కాపీ చేయండి. అందులోనే ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ పెట్టి దళం పేరు, కళాకారుల పేర్లు, ఊరు, తేదీ, కథ పేరు రాయండి. ఇంట్లో మిక్స్ చేసేటప్పుడు మొదట కథకుడి ట్రాక్ ఒక్కటే వినండి. 80 హెర్ట్జ్ కింది శబ్దాన్ని కోసేసి, ప్రతి మాటా తెలిసే మట్టానికి దాన్ని తెచ్చి, మిగతావి దాని చుట్టూ పెంచుకుంటూ పోండి. బుర్రకథ కళాకారుడు షేక్ నాజర్ వంటి వారిని వందల మంది కూర్చుని గంటల తరబడి విన్నది కథ తెలిసేలా చెప్పినందుకే. మిక్స్‌లో గుమ్మెట ఎంత బాగున్నా మాటను దాటనివ్వకండి. అసలు ట్రాక్‌లను మాత్రం ఎన్నడూ చెరపొద్దు.

చివరగా, అనుమతి. మన కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ ప్రకారం తన ప్రదర్శన మీద కళాకారుడికి 50 ఏళ్ల హక్కు ఉంటుంది. రికార్డు చేయడానికీ, దాన్ని యూట్యూబ్‌లో పెట్టడానికీ విడివిడిగా అడిగి, కాగితం మీద రాయించుకోండి. మిక్స్ పూర్తయ్యాక మొదటి కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసి దళానికే ఇచ్చి రండి.