ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ బడులు



వాషింగ్టన్ నగరం నుంచి పొటోమాక్ నది దాటి పడమరకు వెళితే వర్జీనియా రాష్ట్రంలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ వస్తుంది. అక్కడ సుమారు 200 ప్రభుత్వ బడులు ఒకే పాలన కింద నడుస్తాయి. వాటిలో దాదాపు 1,80,000 మంది పిల్లలు చదువుతారు. ఆ రాష్ట్రంలో ఇంత పెద్ద బడి వ్యవస్థ ఇంకొకటి లేదు. ఉద్యోగాల కోసం హెర్న్‌డన్, షాంటిలీ వైపు స్థిరపడిన తెలుగువారి పిల్లలూ ఈ బడులకు వెళుతున్నారు. ఫీజు లేదు.

ఏ బడిలో చేరాలో ఇంటి చిరునామాయే తేలుస్తుంది. ఒకే రోడ్డుకు ఇటూ అటూ ఉన్న ఇళ్ల పిల్లలు వేరే వేరే బడులకు వెళ్లవలసి రావచ్చు. అద్దె కాగితం మీద సంతకం పెట్టే ముందే ఆ ఇంటికి ఏ బడి వస్తుందో బడుల శాఖవారినే అడిగి తెలుసుకోవాలి. ఇల్లు చూపించేవారి మాట ఒక్కటే నమ్ముకోకూడదు.

సెప్టెంబరు 30 నాటికి అయిదేళ్లు నిండిన పిల్లలు కిండర్‌గార్టెన్‌లో చేరతారు. జనన ధ్రువపత్రం, నివాస రుజువు, టీకాల వివరాలు, వైద్య పరీక్ష పత్రం సిద్ధంగా ఉంచుకోవాలి. చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడుగుతారు. తెలుగు అని రాస్తే పిల్లవాణ్ణి వెనకబడ్డవాడిగా చూస్తారేమోనని కొందరు భయపడతారు. ఆ భయం అక్కర్లేదు. అవసరమైన పిల్లలకు ఇంగ్లీషులో అదనపు సాయం అందించడానికే ఆ ప్రశ్న. ఉన్నదున్నట్టు రాయడమే పిల్లవాడికి మేలు.

సాధారణంగా ఆరో తరగతి వరకు ఎలిమెంటరీ, 7, 8 తరగతులు మిడిల్ స్కూల్, 9 నుంచి 12 వరకు హైస్కూల్. రాబిన్సన్, లేక్ బ్రాడాక్, హేఫీల్డ్ బడుల్లో 7 నుంచి 12 దాకా తరగతులు ఒకే చోట నడుస్తాయి. హైస్కూల్ పూర్తయ్యేసరికి సాధారణ డిప్లొమాకు 22 క్రెడిట్లు (పాసైన కోర్సులకు లెక్కించే యూనిట్లు), అడ్వాన్స్‌డ్ డిప్లొమాకు 26 కావాలి.

తెలుగు ఇళ్లలో తరచూ వినిపించే పేరు థామస్ జెఫర్సన్ సైన్స్ హైస్కూల్. 1985లో మొదలైన ఈ బడికి ఒకప్పుడు ప్రవేశ పరీక్ష ఉండేది. 2020లో దాన్ని తీసేశారు. ఇప్పుడు మార్కులు, పిల్లలు స్వయంగా రాసే వ్యాసాలు చూస్తారు, ఒక్కో మిడిల్ స్కూల్‌కు కొన్ని సీట్లు కేటాయిస్తారు. ఈ పద్ధతి మీద కోర్టులో వివాదం నడిచింది. 2024లో సుప్రీంకోర్టు ఆ కేసు విచారణకు తీసుకోకపోవడంతో పద్ధతి నిలిచింది. ఆ ఒక్క సీటు కోసం పసివయసును కోచింగ్‌కు ధారపోయడం తగదు. మామూలు హైస్కూళ్లలోనూ కాలేజీ స్థాయి పాఠాలు దొరుకుతాయి.

వైకల్యం వల్ల ప్రత్యేక బోధన అవసరమైన పిల్లలకు 1975 నాటి జాతీయ చట్టం అండగా ఉంది. తల్లిదండ్రులు, టీచర్లు కలిసి కూర్చుని ఆ పిల్లవాడికే సరిపోయే ప్రణాళిక రాస్తారు. అర్థంకాని మాట ఉంటే విడమరిచి చెప్పమనాలి, దుబాసీ కావాలన్నా అడగవచ్చు. పూర్తిగా అర్థమయ్యాకే సంతకం పెట్టాలి.

బడుల పెత్తనం 12 మంది సభ్యుల స్కూల్ బోర్డుది. నాలుగేళ్లకోసారి ఓటర్లు వారిని ఎన్నుకుంటారు. తొమ్మిది మంది తొమ్మిది ప్రాంతాలకు, ముగ్గురు కౌంటీ మొత్తానికి ప్రతినిధులు. బోర్డుకు పన్ను వేసే అధికారం లేదు. ఖర్చులో పెద్ద వాటా కౌంటీ ఇస్తుంది, కౌంటీ రాబడికి ఇళ్ల మీద పన్ను ముఖ్య ఆధారం. అద్దెకున్నవారి డబ్బూ ఆ పన్నులో కలుస్తుంది. పౌరసత్వం రానివారికి ఓటు ఉండదు గాని, టీచరును కలవడానికి, బోర్డు సభ్యులకు ఉత్తరం రాయడానికి ఓటుతో పనిలేదు.