ట్రెయిలరు దీపములు వెలుగనిచో లోపమును కనుగొనుట ఎట్లు?

చెరకు నరుకుల కాలములో ట్రాక్టర్లు రాత్రింబవళ్ళు చక్కెర ఫ్యాక్టరీ దారిపైననే తిరుగుచుండును. ముందు దీపములు వెలుగుచున్నవో లేదో తోలువానికి కనబడును గాని, వెనుక ట్రెయిలరు దీపముల సంగతి అతనికి తెలియదు. చీకటిలో వెనుకనుండి మోటారు సైకిలుపై వచ్చువానికి, బండి మీదికి వచ్చువరకు అది కంటబడదు. చిలుము పట్టిన ఒక్క తీగ వలన ఒక నిండు ప్రాణము పోవచ్చును. క్రమముగా పరీక్షించినచో ఈ లోపములలో చాలవాటిని రైతే కనుగొని సరిచేసికొనగలడు.

కావలసిన పనిముట్లు: 12 వోల్టుల బల్బు, దాని హోల్డరు, హోల్డరునకు తగిలించిన రెండు పొడవైన తీగలు. ఇదియే పరీక్ష దీపము. గరుకు కాగితము, స్క్రూడ్రైవరు, ఇన్సులేషను టేపు కూడ దగ్గర నుంచుకొనవలెను.

జాగ్రత్తలు: బండిని చదునైన నేలపై నిలిపి, ఇంజను ఆపి, బ్రేకు వేసి, చక్రములకు రాళ్ళు అడ్డము పెట్టవలెను. పైకెత్తిన తొట్టి క్రింద గట్టి ఊత లేనిదే దూరరాదు. తీగలు కోయుటకు ముందు బ్యాటరీ నెగటివు తీగను విప్పవలెను.

1. లోపము ట్రాక్టరుదా, ట్రెయిలరుదా?

మొదట తేల్చుకొనవలసినది ఇదియే. ట్రెయిలరు ప్లగ్గును ఊడదీసి, దీపముల స్విచ్చి వేయుడు. పరీక్ష దీపపు ఒక తీగను సాకెట్టులోని ఎర్తు పిన్నుకు ఆనించి, రెండవ తీగను తక్కిన పిన్నులకు ఒకదాని తరువాత నొకటిగా తాకింపుడు. బ్రేకు పెడలు త్రొక్కుటకు, ఇండికేటరు వేయుటకు మరియొకరు సాయముండవలెను.

7 పిన్నుల సాకెట్టులో అంతర్జాతీయ ప్రమాణము ననుసరించి వరుస ఇట్లుండును: 1 ఎడమ ఇండికేటరు, పసుపు తీగ, 2 పొగమంచు దీపము, నీలము, 3 ఎర్తు, తెలుపు, 4 కుడి ఇండికేటరు, ఆకుపచ్చ, 5 కుడి వెనుక దీపము, గోధుమ రంగు, 6 బ్రేకు దీపములు, ఎరుపు, 7 ఎడమ వెనుక దీపము, నలుపు. కాని ఊరి వర్కుషాపులలో చేతికందిన రంగు తీగ వేయుట కద్దు. కనుక రంగును నమ్మక, పరీక్షించియే నిర్ణయింపవలెను.

ఇచ్చట పరీక్ష దీపము బాగుగా వెలిగినచో ట్రాక్టరులో లోపము లేదు. వెలుగనిచో ఎర్తు పిన్నుకు బదులు ట్రాక్టరు ఇనుప భాగమునకు, రంగు లేనిచోట, తీగ నానింపుడు. అప్పుడు వెలిగినచో సాకెట్టు ఎర్తు తీగ తెగినదన్నమాట. అప్పటికిని వెలుగనిచో ఫ్యూజు, స్విచ్చి, వాటి తీగలు చూడవలెను.

2. దీపములన్నియు మసకగా వెలుగుట

ఇండికేటరు వేయగా వెనుక దీపము కూడ మినుకుమినుకుమనుట, బ్రేకు త్రొక్కగా దీపములు మందగించుట ఎర్తు లోపమునకు గుర్తులు. తిరిగిపోవు దారి మూసికొనిపోగా, విద్యుత్తు మరియొక బల్బు గుండా దారి చేసికొనును. బ్యాటరీ నెగటివు నుండి ఒక పొడవైన తీగను నేరుగా దీపపు ఎర్తుకు ఆనింపుడు. దీపములు సరిగా వెలిగినచో సందేహము లేదు. ఎర్తు బోల్టు చుట్టునున్న త్రుప్పును, రంగును గీకి, గట్టిగా బిగించి, పైన గ్రీజు పూయవలెను.

కొందరు ఎర్తు తీగ వేయక, ట్రెయిలరును తగిలించు కొక్కెము మీదనే ఆధారపడుదురు. గ్రీజు, మట్టి అడ్డుపడి గోతులలో దీపములు ఆరి వెలుగుచుండును. విడిగా ఎర్తు తీగ వేయుటయే మంచిది.

3. ఒక దీపమే వెలుగకుండుట

ముందు బల్బును మార్చి చూడుడు. వెనుక దీపమునకు, బ్రేకునకు కలిపి వాడు 21/5 వాట్ల బల్బులో రెండు తంతులుండును. దాని చెవులు ఎత్తు పల్లముగా నుండును. బలవంతముగా తిరగవేసి దూర్చరాదు. బల్బు మంచిదైనచో హోల్డరులోని చిలుమును గరుకు కాగితముతో తీయవలెను.

4. ఫ్యూజు మాటిమాటికి పోవుట

ప్లగ్గు ఊడదీసిన తరువాత ఫ్యూజు నిలిచినచో ట్రెయిలరులో తీగ ఎక్కడనో ఇనుమునకు తగులుచున్నది. కొక్కెము వద్ద, తొట్టి కీళ్ళ వద్ద, క్లిప్పుల క్రింద నలిగిన తీగల కొరకు వెదకుడు. ఫ్యూజునకు బదులు లావు తీగ వేయరాదు. తీగలు కాలి బండికి నిప్పంటుకొనవచ్చును.

5. మీటరు చెప్పు అబద్ధము

ఒకే పోగు మిగిలిన తీగకు మీటరు పెట్టినను 12 వోల్టులు చూపును. బల్బు మాత్రము సరిగా వెలుగకపోవచ్చును. మీటరు తీసికొను విద్యుత్తు అత్యల్పము. 21 వాట్ల బల్బునకు సుమారు 1.75 ఆంపియర్లు కావలెను. కనుక పరీక్ష దీపమునే నమ్ముడు.

దీపములు బాగుపడినను, వ్రేలాడు చెరకు ఆకు, గడ్డి వాటిని కప్పినచో ప్రయోజనము లేదు. విద్యుత్తు అక్కరలేని ఎర్రని రిఫ్లెక్టర్లను కూడ తొట్టి వెనుక బిగింపుడు. బయలుదేరుటకు ముందు ఒకరిని వెనుక నిలువబెట్టి అన్ని దీపములను వేసి చూచుకొనుడు. ఆ రెండు నిమిషములు దారిన పోవువాని ప్రాణమునకు కాపు.