డిగ్రీ తర్వాతి మూడు నెలలు



మన పిల్లల్లో కొందరు ఇప్పుడిప్పుడే ప్రజా సంబంధాల వృత్తి వైపు చూస్తున్నారు. ఫార్మసీ అంటే తల్లిదండ్రులకు వెంటనే అర్థమవుతుంది గానీ, పి.ఆర్. అంటే "అదేం ఉద్యోగం?" అని అడుగుతారు. ఆసుపత్రి గానీ, కంపెనీ గానీ, ప్రభుత్వ శాఖ గానీ తన మాట ప్రజలకు చెప్పుకోవాలి, ప్రజల మాట తాను వినాలి. ఆ రాకపోకలు చూసుకునే పని ఇది. దీనికి పెట్టుబడి నమ్మకం. దైవప్రవక్త ముహమ్మద్ (స)ను ప్రవక్త పదవికి ముందే మక్కావాసులు 'అల్ అమీన్' అని పిలిచేవారు. వర్తకంలో, ఇచ్చిపుచ్చుకోవడంలో వారు చూసిన నడవడే ఆ పేరు తెచ్చింది.

ఈ వృత్తిలో పని ముందు పుట్టింది, పాఠం తర్వాత వచ్చింది. 1906లో అమెరికాలో రైలు ప్రమాదం జరిగినప్పుడు, వివరాలు దాచకుండా పత్రికలకు తానే రాసి ఇచ్చిన ఐవీ లీ అంతకుముందు పత్రికా విలేఖరి. ఎడ్వర్డ్ బెర్నేస్ న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఈ విషయం బోధించడం మొదలుపెట్టింది 1923లో.

ప్రెస్ నోట్ ఎలా రాయాలో తరగతిలో చెబుతారు. రాసిన నోట్ చెత్తబుట్టలో ఎందుకు పడుతుందో మాత్రం ఇంటర్న్‌షిప్‌లోనే తెలుస్తుంది. పొద్దున్నే పేపర్లన్నీ తిరగేసి క్లిప్పింగులు తీయాలి. ఏ విలేఖరి ఆరోగ్యం రాస్తారో, ఎవరు విద్య రాస్తారో జాబితా పెట్టుకోవాలి. పేజీలు కట్టే హడావుడిలో ఉన్నవారికి ఫోన్ చేయకూడదని ఒకసారి చీవాట్లు తింటే గానీ ఒంటబట్టదు. 'సియాసత్'కు ఉర్దూలో, 'ఈనాడు'కు తెలుగులో వెళ్ళే నోట్ ఒకటే అయినా, మొదటి వాక్యం ఒకటి కాదు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు నేర్చిన మన పిల్లలకు ఇక్కడ సహజమైన బలం ఉంది. ఆ సంగతి పని చేసే చోటే వారికి తెలిసివస్తుంది.

అంకెల విషయం మరీ ముఖ్యం. వైద్య శిబిరానికి వచ్చినవారందరినీ 'చికిత్స పొందినవారు' అని రాస్తే అది అబద్ధమే; పరీక్ష చేయించుకున్నవారు వేరు, చికిత్స పొందినవారు వేరు. వార్త వస్తే విచారించుకోమని సూరా హుజురాత్‌లో ఉన్న ఆదేశం తెలిసిన పిల్లలకు, ఆ విచారణ ఎలా చేయాలో పక్కన కూర్చుని చూపించే పెద్దలు కావాలి. (మన సంఘాల ప్రెస్ నోట్లూ తక్కువేం కాదు. ఇఫ్తార్‌కు వచ్చిన అతిథుల పేర్లు ముందు, చేసిన సేవ చివర్న!)

ఇక అసలు చిక్కు. ఫీజుకు మనం స్కాలర్‌షిప్ ఇస్తున్నాం. డిగ్రీ చేతికొచ్చాక హైదరాబాదులో మూడు నెలలు ఉండి పని నేర్చుకోవడానికి ఏమీ ఇవ్వడం లేదు. అప్రెంటిస్ చట్టానికి 2014లో వచ్చిన సవరణ తర్వాత ఇంజనీరింగ్ చదవని పట్టభద్రులకూ దారి తెరుచుకుంది. కేంద్ర పథకంలో స్టైపెండ్‌లో కొంత ప్రభుత్వమే భరిస్తుంది. పథకంలో నమోదు కాని చిన్న ఆఫీసులో చేరినవారికి అదీ ఉండదు. గది అద్దె, బస్ పాస్, మధ్యాహ్న భోజనం ఎక్కడి నుంచి వస్తాయి? కర్నూలులోనో కడపలోనో ఆటో నడిపే తండ్రి అంత పంపలేడు. అప్పుడు ఆ అవకాశం సొంత ఇల్లు నగరంలో ఉన్న పిల్లలకే పోతుంది. మన అబ్బాయి డిగ్రీ పట్టా పెట్టెలో పెట్టి ఏదో దుకాణంలో లెక్కలు రాస్తాడు. ఆడపిల్లలకైతే సాయంత్రం ఆలస్యమైతే ఎలా అన్న ఇంటి భయం మరొకటి. మంచి హాస్టల్ ఖర్చు మనం పెట్టుకుంటే ఆ భయం సగం తగ్గుతుంది.

విద్యార్థి నిరుపేద అయితే జకాత్ నుంచి, కాకపోతే సదఖా నుంచి ఈ ఖర్చు ఇవ్వవచ్చేమో ఆలిములను అడిగి నిర్ణయించుకోవచ్చు. ఆసుపత్రులు, పాఠశాలలు నడుపుతున్న దాతలు డబ్బుతో పాటు ఒక కుర్చీ కూడా ఇవ్వాలని మా కోరిక. అయితే ఆ పిల్లలతో టీలు తెప్పించుకోవడం, ఫోటోకాపీలు తీయించడంతో సరిపెట్టకండి. నోట్ రాయించి, ఎర్ర సిరాతో దిద్ది, మళ్ళీ రాయించండి. పని ఇచ్చిన సంస్థ లేఖ, వారం వారం ఏం చేశారో రాసుకున్న పుస్తకం చూపించినవారికే తర్వాతి నెల సొమ్ము విడుదల చేయాలని మా అభిప్రాయం.