ఐదో తరగతి పాపకు ఏడో తరగతి పాఠం

2025 ఫిబ్రవరిలో పుదుచ్చేరి శివార్లలోని తవళకుప్పంలో జనం రోడ్డెక్కారు. ఒక ప్రైవేటు పాఠశాలలో ఆరేళ్ల పాపపై ఉపాధ్యాయుడు లైంగిక దాడికి పాల్పడ్డాడన్నది ఆరోపణ. పోలీసులు అతణ్ని అరెస్టు చేశారు. అంతకు ఏడాది ముందే, 2024 మార్చిలో, పట్టణంలోని ముత్తియాల్‌పేటలో తొమ్మిదేళ్ల బాలిక హత్యకు గురైంది. నేరం పెద్దలది, అడ్డుకోవాల్సిందీ పెద్దలే. అయినా ఇలాంటి ప్రతి ఘటన తర్వాత ఒక పాత ప్రశ్న తిరిగి ముందుకొస్తుంది. శరీరం గురించి, తాకకూడని తాకుడు గురించి, ఆడ-మగ తేడాల గురించి చిన్నపిల్లలకు బడిలో చెప్పాలా? చెబితే ఏ తరగతిలో?

పుదుచ్చేరికి సొంత స్కూలు బోర్డు లేదు. చాలాకాలం పుదుచ్చేరి, కారైకాల్ పిల్లలు తమిళనాడు పుస్తకాలు, మాహే పిల్లలు కేరళ పుస్తకాలు, గోదావరి ఒడ్డున ఉన్న యానాం పిల్లలు ఆంధ్రప్రదేశ్ పుస్తకాలు చదివారు. ఇటీవల ప్రభుత్వ బడులు సీబీఎస్ఈకి మారాయి. ఎన్‌సీఈఆర్‌టీ సైన్స్‌లో కౌమారదశ అధ్యాయం ఏళ్ల తరబడి ఎనిమిదో తరగతిలో ఉండేది. కొత్తగా వచ్చిన ‘క్యూరియాసిటీ’ పుస్తకంలో అది ఏడుకు దిగింది. ఆయుష్మాన్ భారత్ కింద 2020లో మొదలైన స్కూల్ హెల్త్ కార్యక్రమం కూడా ఆరో తరగతి నుంచే మొదలవుతుంది.

శరీరం మాత్రం ఆరో తరగతి దాకా ఆగదు. మెదడులోని హైపోథాలమస్ ఒక హార్మోనును విడతలు విడతలుగా వదలడం మొదలుపెడితే, దాని కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి మేల్కొంటుంది. అది పంపే సంకేతాలతో అండాశయాలో వృషణాలో పని ప్రారంభిస్తాయి. వైద్యుల లెక్కలో ఈ మార్పు తొలి గుర్తులు ఆడపిల్లల్లో 8 నుంచి 13 ఏళ్ల మధ్య, మగపిల్లల్లో 9 నుంచి 14 ఏళ్ల మధ్య ఎప్పుడు కనిపించినా మామూలే. ఎనిమిదేళ్లంటే మూడో తరగతి. తొలి గుర్తు కనిపించిన సుమారు రెండు, రెండున్నరేళ్లకు నెలసరి వస్తుంది. అంటే ఐదో తరగతిలోనే నెలసరి మొదలైన పాపకు దాని గురించిన పాఠం రెండేళ్ల తర్వాత అందుతుంది. ఈలోగా తెలిసేది అమ్మ చెప్పినంత, స్నేహితురాలు గుసగుసలాడినంత.

ఇక భద్రత సంగతి. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనంలో 13 రాష్ట్రాలకు చెందిన 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని 53.22 శాతం మంది చెప్పారు. ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. బడి పాఠం దీన్ని ఆపగలదా? 2015లో కాక్రేన్ సంస్థ 24 ప్రయోగాలను, 5,802 మంది పిల్లల ఫలితాలను కలిపి పరిశీలించింది. పాఠం విన్న పిల్లలకు ప్రమాదాన్ని గుర్తించడం, తప్పించుకోవడం మెరుగ్గా తెలుస్తోంది. భయం పెరిగిందనడానికి ఆధారం దొరకలేదు. అయితే నిజజీవితంలో దాడులు తగ్గాయా అన్నదానికి ఆ సమీక్షలో జవాబు లేదు. పాఠం ఒక్కటే రక్షణ కవచమని ఎవరైనా అంటే, అది ఆధారాన్ని మించిన మాట.

పాఠం చెప్పడానికి కూర్చున్న తెలుగు టీచరుకు మొదట అడ్డుపడేది మాట. ఇంట్లో వాడే ముద్దుపేర్లు ఇంటికో రకం. వీధిలో వినిపించేవి బూతులు. పుస్తకంలోని సంస్కృత పదాలు ఆరేళ్ల పిల్లకు అర్థం కావు. తనకేం జరిగిందో చెప్పాలనుకున్న పిల్లకు చెప్పే పదమే లేకపోతే పెద్దలకు అర్థమయ్యేదెలా? 5 నుంచి 8 ఏళ్ల పిల్లల కోసం యునెస్కో 2018 మార్గదర్శకాలు సూచించిన అంశాల్లో శరీర భాగాల సరైన పేర్లు, ‘నా శరీరం నాది’ అన్న భావన ముఖ్యమైనవి. లైంగిక విద్య అనగానే పెద్దల మనసులో మెదిలే బొమ్మకీ దీనికీ చాలా దూరం.

మరో చిక్కు కూడా భాషదే. శరీర నిర్మాణాన్ని చెప్పడానికీ, మనిషి తనను తాను ఆడో మగో మరొకరో అనుకునే భావానికీ తెలుగులో ‘లింగం’ అనే ఒక్క మాటనే వాడేస్తాం. అందుకే రెండో అర్థానికి ‘జెండర్’ వచ్చి చేరింది. తమిళనాడు ప్రభుత్వం కోర్టు ఆదేశాల నేపథ్యంలో 2022లో ఇలాంటి మాటల పట్టికను గెజిట్‌లో ప్రచురించింది. తెలుగులోనూ అలాంటిది ఉంటే టీచర్ల పని తేలికవుతుంది.

జెండర్ గుర్తింపు విషయంలో శాస్త్రం ఇంకాస్త జాగ్రత్తగా మాట్లాడుతుంది. మూడేళ్లకే చాలామంది పిల్లలు తాము ఆడో మగో చెబుతారు. జుట్టు కత్తిరించినా, చొక్కా మార్చినా అది మారదన్న అవగాహన ఆరేడేళ్లకు స్థిరపడుతుంది. కొందరు పిల్లలు మాత్రం పుట్టుకతో రాసిన గుర్తింపు తమది కాదంటారు. అమెరికాలో క్రిస్టినా ఓల్సన్ బృందం అలా చెప్పి, కుటుంబం అండతో కొత్త గుర్తింపుతో బతుకుతున్న 317 మందిని గమనించింది. సగటున ఐదేళ్ల తర్వాత 94 శాతం మంది ట్రాన్స్‌జెండర్‌గానే ఉన్నారని 2022లో తెలిపింది. అంతకుముందు క్లినిక్‌లలో జరిగిన కొన్ని అధ్యయనాల్లో మాత్రం ఎక్కువమంది పిల్లలు వెనక్కి మళ్లారు. ఎంపిక చేసిన పిల్లలే వేరు కాబట్టి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పలేం. అసలు ఇవి పిల్లల జీవితాలపై అధ్యయనాలు. తరగతి పాఠం ప్రభావంపై కావు. వాదనల్లో రెండు వర్గాలూ ఈ తేడాను మరచిపోతుంటాయి.

పుదుచ్చేరి పిల్లలకు ఈ విషయం పుస్తకంలోనే ఎదురవ్వాలని లేదు. ఏటా చిత్తిరై నెలలో దగ్గర్లోని కూవాగంలో జరిగే కూత్తాండవర్ ఉత్సవానికి దేశం నలుమూలల నుంచి ట్రాన్స్ మహిళలు వస్తారు. బస్సులో పక్కసీటు పిల్లాడు ‘ఆమె ఎవరు?’ అని అడుగుతాడు. గౌరవంగా ఒక్క వాక్యంలో జవాబు చెప్పడం టీచరుకు రావాలి. పుదుచ్చేరి కూడా మద్రాసు హైకోర్టు పరిధిలోకే వస్తుంది. ఆ కోర్టు 2021లో పాఠ్యప్రణాళికలో మార్పులు చేయాలని, తల్లిదండ్రుల సంఘాల ద్వారా అవగాహన కల్పించాలని సూచించింది. అదే ఏడాది ట్రాన్స్‌జెండర్ పిల్లల గురించి ఎన్‌సీఈఆర్‌టీ ఒక పుస్తకం తెచ్చి, అభ్యంతరాలు రాగానే వెబ్‌సైట్ నుంచి తీసేసింది. అది టీచర్ల శిక్షణ కోసం రాసింది. దాన్ని పిల్లల పాఠంగా భావించి జరిగిన గొడవే ఎక్కువ.

తల్లిదండ్రుల భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం సరికాదు. 2005లో కేంద్రం తెచ్చిన కౌమార విద్యా కార్యక్రమాన్ని 2007లో పలు రాష్ట్రాలు ఆపేశాయి. ఎం. వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ 2009లో బడుల్లో లైంగిక విద్య వద్దంది. చెబితే పిల్లలు చెడిపోతారన్నది అసలు భయం. లైంగిక విద్య వల్ల లైంగిక ప్రవర్తన పెరగదని యునెస్కో క్రోడీకరించిన అధ్యయనాలు చెబుతున్నాయి. కాకపోతే వాటిలో అత్యధికం కౌమార వయసు వారిపై చేసినవి.

సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో ఒక కేసు విచారిస్తూ, తొమ్మిదో తరగతి దాకా ఆగకుండా చిన్న వయసు నుంచే ఈ విద్య అందాలని అభిప్రాయపడింది. ఎలా అన్నది అధికారులకు వదిలేసింది. అయితే పాఠం అయ్యాక ఒక పిల్ల లేచి ‘నాకూ అలా జరిగింది’ అంటే? 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం విన్న టీచరు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. సంస్థ అధిపతి తన కింది ఉద్యోగి నేరాన్ని దాస్తే ఏడాది వరకు. ఏ ఊరి నుంచైనా ఉచితంగా పిలవగల నంబరు 1098.